తెర మీద మాట ఎవరిది?

"సార్, బూట్ అవ్వట్లేదు." ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లోనే ఉద్యోగ జీవితమంతా గడిపిన నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. ఫ్లాపీల కాలంలో విన్నాను, సీడీల కాలంలో విన్నాను, పెన్‌డ్రైవులు వచ్చాకా వింటూనే ఉన్నాను. రిటైరయ్యాక కూడా పిల్లలు ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఇంటికొచ్చి అదే చెబుతారు. "ఎక్కడ ఆగింది బాబూ?" అని అడిగితే మాత్రం జవాబుండదు. అసలు విషయమంతా ఆ జవాబులోనే ఉంది.

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి ఇన్‌స్టాలర్ కనపడేదాకా కంప్యూటర్ ఐదు చేతులు మారుతుంది. ముందు లేచేది మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్. పాత మెషీన్లలో అది బయాస్, ఇప్పటివాటిలో యూఈఎఫ్‌ఐ. అది బూట్‌లోడర్‌ని వెతికి పట్టుకుంటుంది. లినక్స్‌లో చాలావరకు ఆ బూట్‌లోడర్ పేరు గ్రబ్. గ్రబ్ వెళ్లి కెర్నల్‌ని లేపుతుంది. కెర్నల్ తన వెంట వచ్చిన ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థకు పని అప్పగిస్తుంది. అది పెన్‌డ్రైవ్‌లోని అసలు వ్యవస్థను వెతికి తెరిస్తే, అప్పుడు ఇన్‌స్టాలర్ వస్తుంది. ఈ ఐదింటికీ వేర్వేరు ముఖాలు, వేర్వేరు భాషలు. ఆగిపోయిన తెర మీద కనపడుతున్న మాట వీటిలో ఎవరిదో గుర్తుపట్టకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెడితే, ఉన్న చిక్కుకు మరో రెండు చిక్కులు తోడవుతాయి. ఇన్నేళ్లలో నేను తెలుసుకున్నవి, పిల్లలకు చెబుతూ వచ్చినవి కింద రాస్తున్నాను.

1. ముందు రికవరీ కీ ఎక్కడుందో కనుక్కోండి

ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు వేరే హార్డ్‌డిస్కులోకి తీసిపెట్టుకోమని అందరూ చెబుతారు. నేనూ చెబుతాను. అయితే ఈమధ్య అంతకంటే ఎక్కువగా పిల్లల్ని ఏడిపిస్తున్నది మరొకటి ఉంది. విండోస్ 11తో వస్తున్న ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. కొన్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. లినక్స్ వేద్దామని ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి, సంతకం ఉన్న బూట్‌లోడర్లనే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపేస్తారు. మళ్లీ విండోస్ తెరవబోతే నీలం తెర వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది.

ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఆ అకౌంటు ఎవరిదంటే, కొన్న రోజు షాపులో కుర్రాడు తెరిచిందో, అన్నయ్య పాత మెయిలో అయి ఉంటుంది. పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. మార్చిన సెట్టింగును యథాప్రకారం పెట్టేస్తే చాలాసార్లు విండోస్ మళ్లీ తెరుచుకుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టకూడదు. కీ లేకపోతే ఆ డిస్కులోని డేటాను ఏ సర్వీస్ సెంటరూ వెనక్కి తేలేదు. ఎన్‌క్రిప్షన్ అంటేనే అది. అందుకని ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లకముందే విండోస్‌లో ఉండగా ఆ 48 అంకెలూ చూసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి. అదే ల్యాప్‌టాపులో నోట్‌ప్యాడ్ ఫైలుగా దాచుకుంటే ప్రయోజనం లేదు.

2. దించుకున్న ఐఎస్‌ఓని సరిచూడండి

హాస్టల్ వై-ఫై మీదో, ఫోన్ హాట్‌స్పాట్ మీదో ఐఎస్‌ఓని, అంటే ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే నాలుగైదు జీబీల ఫైలును దించుకుంటే మధ్యలో తెగడం, మళ్లీ అతకడం మామూలే. బయటికి ఫైలు పూర్తిగా వచ్చినట్టే కనపడుతుంది. బూట్ కూడా అవుతుంది. ఇన్‌స్టాల్ సగంలో ఏదో ప్యాకేజీ తెరవలేక ఆగిపోతుంది. అప్పుడు అందరూ హార్డ్‌డిస్కును అనుమానిస్తారు.

ప్రతి డిస్ట్రో, అంటే ఉబుంటు, డెబియన్ వంటి ప్రతి లినక్స్ రకం, తన డౌన్‌లోడ్ పేజీలో షా256 సమ్ అని 64 అక్షరాల వరుస ఇస్తుంది. లినక్స్‌లో షా256సమ్ అనే కమాండు పక్కన ఫైలు పేరు ఇస్తే మన దగ్గరున్న ఫైలుకు అదే లెక్క వేసి చూపిస్తుంది. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఫైలు పాడైందా లేదా అన్నది దీంతో తేలిపోతుంది.

ఫైలు అసలుదేనా అన్నది వేరే ప్రశ్న. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి, మింట్ 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకును దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓకి మళ్లించారు. సైటునే చేతిలోకి తీసుకున్నవాడికి ఆ పేజీలో ఉన్న సమ్ మార్చడం కష్టమేమీ కాదు. అందుకే డిస్ట్రో తయారుచేసేవాళ్లు ఆ సమ్‌ల ఫైలు మీద జీపీజీ సంతకం పెడతారు. ఒక ల్యాబు మొత్తానికి వేయబోయే ఐఎస్‌ఓ అయితే సంతకం కూడా సరిచూడాలన్నది నా పట్టుదల. మీ ఒక్కరి మెషీన్‌కైతే కనీసం సమ్ చూడండి.

3. ఐఎస్‌ఓని కాపీ చేస్తే బూటబుల్ అవదు

పెన్‌డ్రైవ్ తెరిచి, ఐఎస్‌ఓ ఫైలును అందులోకి లాగి వదిలి, "అవ్వట్లేదు సార్" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కారణం తెలిస్తే మళ్లీ ఆ పని చేయరు. యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌కు కచ్చితంగా చదవడం వచ్చిన ఫార్మాటు ఫ్యాట్. అలాంటి పార్టిషన్‌లో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డరు, దానిలో బూట్ అనే ఫోల్డరు, దానిలో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉందా అని అది చూస్తుంది. ఉంటే నడుపుతుంది. ఐఎస్‌ఓ కడుపులో ఆ ఫైలున్నా ఫర్మ్‌వేర్‌కు కనపడదు. పాత బయాస్ అయితే ఫైళ్ల జోలికే పోదు. డిస్కు మొట్టమొదటి సెక్టారులో ఉన్న కోడును ఎత్తుకుని నడుపుతుంది, అంతే.

ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటివాటి ఐఎస్‌ఓలను హైబ్రిడ్‌గా తయారుచేస్తారు. సీడీ మీద రాసినా, పెన్‌డ్రైవ్ మీద మొదటి బైటు నుంచి ఉన్నదున్నట్టు దించినా, రెండుచోట్లా బూట్ అయ్యేలా అందులో అమరికలుంటాయి. అలా ఉన్నదున్నట్టు దించే డీడీ కమాండు పనిచేసేది అందుకే. విండోస్ ఐఎస్‌ఓ అలాంటిది కాదు. దాన్ని డీడీతో దించితే బూట్ అవదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు కాపీ చేద్దామంటే, అందులోని ఇన్‌స్టాల్.విమ్ అనే ఒక్క ఫైలే ఇప్పుడు చాలావాటిలో 4 జీబీ దాటుతోంది. ఫ్యాట్32లో ఒక ఫైలు అంతకు మించకూడదు. లినక్స్‌లో కూర్చుని విండోస్ పెన్‌డ్రైవ్ చేయాలంటే తిప్పలు వచ్చేది ఇక్కడే.

ఎక్కువ రకాల ఓఎస్‌లతో పనిపడేవాళ్లకు నేను చెప్పేది వెంటాయ్. 2020లో వచ్చిన పనిముట్టు ఇది. పెన్‌డ్రైవ్‌ని రెండు పార్టిషన్లు చేసి, 32 ఎంబీల చిన్నదానిలో తన బూట్‌లోడర్ పెట్టుకుంటుంది. పెద్దదానిలో మనం ఐఎస్‌ఓలను మామూలుగా కాపీ చేసుకుంటే చాలు, బూట్ అయ్యేటప్పుడు వాటి జాబితా చూపిస్తుంది. విండోసు, లినక్సు, రెస్క్యూ డిస్కు అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో. అయితే ఏదైనా ఐఎస్‌ఓ వెంటాయ్‌లో మొండికేస్తే, అదే ఐఎస్‌ఓని వేరే పెన్‌డ్రైవ్ మీద నేరుగా రాసి చూసేదాకా ఐఎస్‌ఓని తప్పుపట్టకండి.

4. డీడీ కొట్టేముందు చెయ్యి ఆపండి

ఈ పాఠం ఒక్కటి గుర్తుంచుకుని మిగతావన్నీ మరిచిపోయినా నాకు సంతోషమే. డీడీ ఏమీ అడగదు. ఐఎఫ్ పక్కన ఐఎస్‌ఓ పేరు, ఓఎఫ్ పక్కన ఎక్కడ రాయాలో ఆ డివైస్ పేరు. ఎస్‌డీబీ అనబోయి ఎస్‌డీఏ అంటే, పెన్‌డ్రైవ్‌కు బదులు మీ హార్డ్‌డిస్కు మొదటి నాలుగు జీబీలు పోతాయి. పార్టిషన్ టేబుల్ ఉండేది అక్కడే. "నిజంగానా?" అన్న ప్రశ్న రాదు.

అందుకని పద్ధతి ఇది. పెన్‌డ్రైవ్ తీసేసి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండు కొట్టండి. పెట్టి మళ్లీ కొట్టండి. కొత్తగా వచ్చిన పేరే మీ పెన్‌డ్రైవ్. ఆ కమాండుకు సైజు, మోడల్, ట్రాన్ అనే కాలమ్‌లు కూడా చూపించమని చెప్పవచ్చు. ట్రాన్ కింద యూఎస్‌బీ అని ఉందా, సైజు మీ పెన్‌డ్రైవ్‌తో సరిపోతోందా అని వేలు పెట్టి చదవండి. నిన్న ఎస్‌డీబీ అయినది ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు, కాబట్టి పైబాణం నొక్కి పాత కమాండును తెచ్చుకుని ఎంటర్ కొట్టవద్దు. రాయాల్సింది మొత్తం డివైస్ మీద, అంటే ఎస్‌డీబీ మీద. ఎస్‌డీబీ1 అని పార్టిషన్ మీద రాస్తే రాత సాఫీగా పూర్తవుతుంది గానీ పెన్‌డ్రైవ్ బూట్ అవదు. పక్కన స్నేహితుడుంటే కమాండు పైకి చదివి వినిపించి, ఆ తర్వాత ఎంటర్ నొక్కండి. మా ల్యాబులో అది రూలుగా ఉండేది.

భయమేసేవాళ్లు గ్నోమ్ డిస్క్స్‌తోనో, మింట్‌లో ఉండే యూఎస్‌బీ ఇమేజ్ రైటర్‌తోనో రాసుకోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

5. వంద శాతం అనగానే లాగేయవద్దు

లినక్స్ రాయాల్సినదాన్ని ముందు ర్యామ్‌లో పెట్టుకుని, వీలు చూసుకుని పెన్‌డ్రైవ్ మీదికి దించుతుంది. అందుకే ప్రోగ్రెస్ గబగబా వంద శాతానికి వెళ్లి, ప్రాంప్ట్ మాత్రం తిరిగి రాదు. "హ్యాంగ్ అయింది" అని పెన్‌డ్రైవ్ పీకేస్తారు. చివరి కొన్ని వందల ఎంబీలు ఇంకా ర్యామ్‌లోనే ఉండిపోతాయి. డీడీకి చివర కాన్వ్ ఈక్వల్స్ ఎఫ్‌సింక్ అని చేరిస్తే మొత్తం దిగాకే ప్రాంప్ట్ ఇస్తుంది. మరిచిపోతే, తర్వాత సింక్ అని ఒక్క మాట కొట్టి అది తిరిగొచ్చేదాకా కూర్చోండి.

ఇలా రాసిన పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లో పెడితే "ఫార్మాట్ చేయాలి" అని అడగవచ్చు. క్యాన్సిల్ నొక్కండి. పెన్‌డ్రైవ్ పాడవలేదు, దాని మీదున్న అమరిక విండోస్‌కు అర్థం కాలేదు, అంతే. పని అయిపోయాక 32 జీబీల పెన్‌డ్రైవ్ నాలుగైదు ఎంబీలే చూపిస్తోందని పారేసేవాళ్లూ ఉన్నారు. వైప్‌ఎఫ్‌ఎస్ కమాండుతో పాత గుర్తులు చెరిపి కొత్త పార్టిషన్ చేస్తే మొత్తం జాగా తిరిగొస్తుంది. ఇక్కడా నాలుగో పాఠంలో చెప్పిన జాగ్రత్తే.

6. పెన్‌డ్రైవ్‌నే అనుమానించాల్సిన వేళ

సమ్ కలిసింది, రాత సరిగా అయింది, అయినా ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందంటే పెన్‌డ్రైవ్‌ని పరీక్షించండి. చవగ్గా వచ్చాయని కొన్నవాటిలో లోపల 8 జీబీల చిప్పు పెట్టి, కంట్రోలర్ చేత 64 అని అబద్ధం చెప్పించేవి ఉంటాయి. ఎఫ్3 అనే పనిముట్టు డిస్కు నిండా రాసి, తిరిగి చదివి, అసలు ఎంత ఉందో తేలుస్తుంది.

7. పెన్‌డ్రైవ్ మెనూలోనే లేకపోతే

ఇక్కడ మాట్లాడుతున్నది ఫర్మ్‌వేర్. ఇంకా లినక్స్ ఊసే లేదు, కాబట్టి డిస్ట్రో మార్చి ప్రయోజనం లేదు.

బూట్ మెనూకు డెల్, లెనోవోల్లో ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాపుల్లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12, కానీ చాలా మోడళ్లలో ముందు ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి ఆ మెనూని ఆన్ చేయాలి. మీట పనిచేయడం లేదనుకున్నప్పుడు చాలాసార్లు అసలు కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్. షట్ డౌన్ అని నొక్కినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళుతుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే వచ్చే మెనూలో నుంచి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్‌ని కంట్రోల్ ప్యానెల్లో పూర్తిగా ఆపేయడమే మంచిది. లేకపోతే తర్వాత లినక్స్‌లోంచి విండోస్ పార్టిషన్ తెరిస్తే, అది నిద్రలో ఉందని రాయనివ్వదు.

మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంటుంది. ఏది ఎంచుకోవాలి? ఇప్పటికే ఉన్న విండోస్ ఏ పద్ధతిలో ఉంటే అదే. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయాస్ మోడ్ ఎదురుగా చూడండి. విండోస్ యూఈఎఫ్‌ఐలో, లినక్స్ పాత పద్ధతిలో పడితే గ్రబ్ మెనూలో విండోస్ నడవదు, ఒకదాన్నుంచి ఇంకొకదానికి వెళ్లాలంటే ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లాలి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైవ్ సెషన్‌లోకి వచ్చాక సిస్ ఫోల్డరులో, ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్‌ఐ అనే ఫోల్డరు ఉందో లేదో చూసినా చాలు. ఉంటే యూఈఎఫ్‌ఐ. ఇన్‌స్టాల్ మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోవాలి.

8. సెక్యూర్ బూట్‌ని శత్రువులా చూడకండి

వీడియోల్లో చెప్పే మొదటి మాట "సెక్యూర్ బూట్ డిసేబుల్ చేయండి". నాకది నచ్చదు. ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసే, 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి డెబియన్ కూడా, షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం చేయించుకుని వస్తున్నాయి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే అవి నడుస్తాయి. ఆర్చ్ లినక్స్ అధికారిక ఐఎస్‌ఓకి ఆ సంతకం లేదు, అక్కడ ఆపక తప్పదు. వెంటాయ్‌కి మొదటిసారి దాని కీని నమోదు చేసుకోవాలి.

ఎర్ర అక్షరాలతోనో, చిన్న పెట్టెలోనో "సెక్యూరిటీ వయొలేషన్" అని వస్తే మాట్లాడుతున్నది ఫర్మ్‌వేరో, షిమ్మో. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చాక, విండోసూ లినక్సూ పక్కపక్కనే ఉన్న ఎన్నో మెషీన్లలో "వెరిఫయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అని వచ్చి లినక్స్ ఆగిపోయింది. ఆ అప్‌డేట్ పాత, లోపాలున్న షిమ్‌లను నిషేధించింది. పాత ఐఎస్‌ఓలతో చేసిన పెన్‌డ్రైవులు కూడా అదే మాట చెప్పి ఆగాయి. పెన్‌డ్రైవ్ చెడలేదు, దాని మీదున్న పాత షిమ్‌కు చెల్లుబాటు పోయింది. కాబట్టి బీరువాలో దాచుకున్న రెండేళ్ల నాటి ఐఎస్‌ఓని తీసే బదులు అదే డిస్ట్రో తాజా ఐఎస్‌ఓ దించుకుని చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

9. గ్రబ్ వచ్చి, తర్వాత నల్లతెర అయితే

మెనూ కనపడిందంటే ఫర్మ్‌వేర్, బూట్‌లోడర్ వాటి పని అవి చేశాయి. పెన్‌డ్రైవ్ మళ్లీ రాయడం మొదటి మందు కాకూడదు. ఎన్‌విడియా కార్డున్న ల్యాప్‌టాపుల్లో ఇది ఎక్కువ. గ్రబ్ మెనూలో బూట్ చేయాల్సిన వరుస మీద ఉండగా ఇంగ్లీషు 'ఈ' అక్షరం మీట నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే పంక్తి చివర నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవరును పక్కన పెట్టి, ఫర్మ్‌వేర్ ఇచ్చిన మామూలు తెరతో నడవమని కెర్నల్‌కు చెప్పడం అది. ఇన్‌స్టాల్ అయ్యాక సరైన డ్రైవరు వేసుకుని ఆ మాట తీసేయాలి. ఉంచేస్తే ల్యాప్‌టాప్ ఎప్పటికీ ఈడ్చుకుంటూనే ఉంటుంది.

అదే పంక్తిలో క్వయిట్, స్ప్లాష్ అనే రెండు మాటలుంటాయి. లోగో చూపించి లోపలి సందేశాలను దాచేవి అవే. వాటిని చెరిపి బూట్ చేస్తే కెర్నల్ మాటలు తెర నిండా కనపడతాయి. ఆగిన చోట చివరి పది పంక్తులు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎవరిని సాయం అడిగినా వాళ్లకు కావలసింది అవే.

ఫెడోరా కుటుంబంలో "డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమౌట్" అనే మాట చాలామందిని కంగారుపెడుతుంది. అది ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ మాట. నేను లేచాను గానీ నా మిగతా వ్యవస్థ ఉన్న డిస్కు దొరకలేదు అంటోంది. అది ఆ డిస్కును వెతికేది లేబుల్‌తో. పెన్‌డ్రైవ్ తయారుచేసిన ప్రోగ్రాం ఫ్యాట్32 చేసేటప్పుడు 11 అక్షరాల హద్దుకు ఆ లేబుల్‌ని కత్తిరించేస్తే, పేరు కలవదు. ఐఎస్‌ఓని డీడీ పద్ధతిలో ఉన్నదున్నట్టు రాస్తే లేబుల్ చెక్కుచెదరదు.

10. ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనపడకపోతే, వై-ఫై రాకపోతే

కొన్ని ల్యాప్‌టాపుల్లో డిస్కును ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో అమర్చి పంపిస్తారు. ఉబుంటు ఇన్‌స్టాలర్ దాన్ని గుర్తుపట్టి ఆర్‌ఎస్‌టీ ఆపమని చెబుతుంది. ఫర్మ్‌వేర్‌లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. అయితే నేరుగా మార్చేస్తే విండోస్ లేవదు, "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర చూపిస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, రీస్టార్ట్ చేసి ఫర్మ్‌వేర్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక మామూలుగా పెట్టుకోవాలి. అప్పుడు అది కొత్త డ్రైవరును పట్టుకుంటుంది.

వై-ఫై కనపడనప్పుడు చాలాసార్లు లోపించేది కార్డుకు ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అధికారిక ఐఎస్‌ఓలోనే అవి ఉంటున్నాయి. అంతకుముందు అవి వేరే ఐఎస్‌ఓలో దొరికేవి. ఏ డిస్ట్రో అయినా సరే, ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్‌కు అది తీగ నెట్‌వర్కులా కనపడుతుంది, డ్రైవరు వేయనక్కర్లేదు. ఈ ఒక్క చిట్కాతో ఎన్ని ఇన్‌స్టాళ్లు గట్టెక్కాయో చెప్పలేను.

పార్టిషన్ల పేజీలో "ఎరేజ్ డిస్క్" అన్న ఎంపికను చదవకుండా ముందుకు నొక్కవద్దు. విండోస్ పార్టిషన్‌ను తగ్గించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే ముందుగా చేసుకోండి.

11. నేర్చుకోవడానికైతే వర్చువల్ మెషీన్ చాలు

సెకండియర్ పిల్లలు ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం ల్యాప్‌టాప్ మొత్తాన్ని ప్రమాదంలో పెట్టనక్కర్లేదు. స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు కాలేజీల్లో పెట్టే ఇన్‌స్టాల్ శిబిరాలకు వెళ్లి, తెలిసినవాళ్ల చేత మెషీన్ మీద వేయించుకోవచ్చు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం వర్చువల్ మెషీన్ మేలు. అందులో పార్టిషన్ చెరిపేసినా పోయేది ఒక ఫైలు.

వర్చువల్ మెషీన్ నత్తనడక నడుస్తోందంటే, లేదా వర్చువల్‌బాక్స్ జాబితాలో 32 బిట్ ఓఎస్‌లు తప్ప 64 బిట్‌వి కనపడటం లేదంటే, సాఫ్ట్‌వేర్‌ని తిరగేయకండి. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్‌కు సాయం పెట్టడం మొదలుపెట్టాయి. చాలా బోర్డుల ఫర్మ్‌వేర్‌లో అది ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ లేదా ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్ అన్న పేర్లతో ఉంటుంది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కొడితే ప్రాసెసర్‌కు ఆ శక్తి ఉందో లేదో తెలుస్తుంది. దేవ్ ఫోల్డరులో కేవీఎం అన్న ఫైలు కనపడితే అది ఆన్‌లో కూడా ఉన్నట్టు.

12. ఒక ప్రాసెసర్, ఇద్దరు పెత్తందార్లు

వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 నుంచి. వర్చువల్‌బాక్స్ తన సొంత మాడ్యూల్‌ని బయటినుంచి తెచ్చుకుంటుంది. ప్రాసెసర్‌లోని ఆ సదుపాయాన్ని ఒకరు పట్టుకుంటే రెండోవాళ్లకు దొరకదు. "వీఈఆర్‌ఆర్ వీఎంఎక్స్ ఇన్ వీఎంఎక్స్ రూట్ మోడ్" అని వర్చువల్‌బాక్స్ మొరాయించేది అప్పుడే. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్ నుంచి ఇది ఎక్కువైంది. కేవీఎం మాడ్యూల్ ఎక్కగానే, ఏ మెషీనూ నడపకపోయినా, ఆ సదుపాయాన్ని తన చేతిలోకి తీసుకుంటోంది. ఆ మాడ్యూల్‌ని దించేయవచ్చు, లేదా కేవీఎం డాట్ ఎనేబుల్ వర్ట్ ఎట్ లోడ్ అనే కెర్నల్ సెట్టింగును సున్నా చేయవచ్చు.

"కెర్నల్ డ్రైవర్ నాట్ ఇన్‌స్టాల్డ్, ఆర్‌సీ మైనస్ 1908" అన్నది వేరే జబ్బు. కెర్నల్ అప్‌డేట్ అయింది, వర్చువల్‌బాక్స్ మాడ్యూల్ దానికి తగ్గట్టు మళ్లీ తయారు కాలేదు. నడుస్తున్న కెర్నల్‌కు సరిపడే హెడర్లు, డీకేఎంఎస్ ఉంటే అది ప్రతిసారీ దానంతటదే తయారవుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ మాడ్యూల్‌కు సంతకం కూడా కావాలి. ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డు పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర మీద ఎన్‌రోల్ మాక్ అన్న మెనూ వస్తుంది. కొన్ని సెకన్లు మాత్రమే ఆగుతుంది. అర్థంకాక వదిలేస్తే మాడ్యూల్ ఎక్కదు, అందరూ వర్చువల్‌బాక్స్‌ని తిడతారు.

లినక్స్ మీద నా మొగ్గు కేవీఎం, దాని ముందు వర్ట్-మేనేజర్ వైపే. కెర్నల్‌తోపాటే వస్తుంది కాబట్టి ఈ హెడర్ల గొడవ, సంతకాల గొడవ ఉండదు.

13. ఇన్‌స్టాల్ అయ్యాక మళ్లీ ఇన్‌స్టాలరే వస్తే

వర్చువల్ డ్రైవులో ఐఎస్‌ఓ ఇంకా పెట్టే ఉంది. తీసేయండి. దీనికోసం మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లను చూశాను.

కేవీఎంలో కొత్తవాళ్లకు అడ్డుపడే మిగతావి కూడా ఇలాంటివే. "డిఫాల్ట్ నెట్‌వర్క్ ఈజ్ నాట్ యాక్టివ్" అంటే వర్ష్ నెట్-స్టార్ట్ డిఫాల్ట్ అని కొట్టి, నెట్-ఆటోస్టార్ట్ కూడా పెట్టుకోవాలి. హోమ్ ఫోల్డరులోని ఐఎస్‌ఓకి పర్మిషన్ డినైడ్ అంటే, వర్చువల్ మెషీన్ నడిపేది మీ యూజర్ కాదు కాబట్టి మీ ఫోల్డరులోకి రాలేకపోతోంది, ఫైలును లిబ్‌వర్ట్ ఇమేజెస్ ఫోల్డరులోకి మార్చండి. విండోస్‌ని వర్టయో డిస్కు మీద వేస్తుంటే దాని ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనపడదు, వర్టయో-విన్ ఐఎస్‌ఓని రెండో సీడీగా తగిలించి డ్రైవరు చూపించాలి. విండోస్ 11 అయితే యూఈఎఫ్‌ఐ కోసం ఓవీఎంఎఫ్, టీపీఎం కోసం ఎస్‌డబ్ల్యూటీపీఎం కూడా కావాలి.

క్యూకౌ2 డిస్కు ఫైలు మొదట చిన్నగా ఉండి వాడేకొద్దీ పెరుగుతుంది. 20 జీబీలే ఖాళీ ఉన్న చోట 100 జీబీల డిస్కు ఇచ్చినా ఆ రోజుకు నడుస్తుంది. అసలు మెషీన్ డిస్కు నిండిన రోజున వర్చువల్ మెషీన్ ఉన్నచోట పాజ్ అయిపోతుంది. ఆ ఫైళ్లు రూట్ పార్టిషన్‌లో పడతాయని ముందే చూసుకోండి. ర్యామ్ కూడా సగానికి మించి ఇవ్వవద్దు. స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్ మానుకోవద్దు, చాలాసార్లు స్నాప్‌షాటూ, అసలు డేటా కూడా ఒకే ఫైలులో, ఒకే డిస్కు మీద ఉంటాయి.

14. పెన్‌డ్రైవ్‌ని ముందు వర్చువల్ మెషీన్‌లోనే బూట్ చేసి చూడండి

ల్యాబుల్లో నాకు ఎక్కువ సమయం మిగిల్చిన అలవాటు ఇది. ముప్పై మెషీన్ల ముందుకు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లే ముందు, నా టేబుల్ మీదే క్యూఎము అనే వర్చువల్ మెషీన్ పనిముట్టుకి ఆ పెన్‌డ్రైవ్‌ని డిస్కుగా ఇచ్చి బూట్ చేసేవాణ్ని. స్నాప్‌షాట్ అనే ఆప్షన్ జోడిస్తే, లోపల ఏం రాసినా తాత్కాలిక ఫైలులోకి పోతుంది, పెన్‌డ్రైవ్ మారదు. ఏమీ చెప్పకపోతే క్యూఎము పాత బయాస్ పద్ధతిలో లేస్తుంది. ఓవీఎంఎఫ్ ఫైలు ఇస్తే యూఈఎఫ్‌ఐలో లేస్తుంది. రెండు విధాలా చూసేవాణ్ని. ఇక్కడ లేచి అసలు మెషీన్‌లో లేవకపోతే, పెన్‌డ్రైవ్ మీద అనుమానం తీరిపోయినట్టే, ఆ మెషీన్ ఫర్మ్‌వేర్‌ని చూడాలి. ఇక్కడే లేవకపోతే ఐఎస్‌ఓనో, రాతనో చూడాలి.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. వర్చువల్ మెషీన్‌లో మీ వై-ఫై కార్డు ఉండదు, ఎన్‌విడియా ఉండదు, ఆర్‌ఎస్‌టీ ఉండదు, మీ ల్యాప్‌టాప్ సెక్యూర్ బూట్‌లోని నిషేధాల జాబితా ఉండదు. అవి అసలు మెషీన్ మీద లైవ్ సెషన్‌లోనే తేలాలి. వై-ఫై కలిసిందా, శబ్దం వచ్చిందా, టచ్‌ప్యాడ్ కదిలిందా, మూత మూసి తెరిస్తే తిరిగి లేచిందా, డిస్కుల జాబితాలో మీ డిస్కు ఉందా చూసుకుని, అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కండి.